కుంటలో బంగారుతీగలు

పురుగొస్తే మందు కొడతాం, తెగులొస్తే మందు కొడతాం. మిరపచేను మీదికి చేపలొచ్చి పడితే ఏం చెయ్యాలో మాత్రం మాకు ఎవరూ చెప్పలేదు. ఈ మాట ఎవరితో అన్నా ముందు నవ్వుతారు. చేనుకీ చేపకీ సంబంధమేమిటని అడుగుతారు. నవ్వేవాళ్ళను కూర్చోబెట్టి మొదటినుంచీ చెబుతాను. చెబుతున్నకొద్దీ నాకు మళ్ళీ ఆవేశం వస్తుంది, లేచి నిలబడి చేతులు తిప్పుతూ చెబుతాను. మా ఆయన అక్కడే ఉంటే మెల్లగా చెప్పులేసుకుని బయటికెళ్ళిపోతాడు.

ఎందుకంటే ఆ చేపల్ని తెచ్చింది ఆయనే.

పాత గుంటూరు జిల్లా అయిపోయి ప్రకాశం జిల్లా మొదలయ్యే చోట మా చేను. నల్లరేగడి, నాలుగెకరాల మిరప. కాలువ నీళ్ళు మాకు వంతుల మీద వస్తాయి. వంతు వచ్చినప్పుడు చేను మూల తవ్వించుకున్న కుంట నింపుకుంటాం. మళ్ళీ వంతు వచ్చేదాకా ఆ నీళ్ళనే మోటారుతో తోడి డ్రిప్పు పైపుల్లోకి వదులుతాం. మూడేళ్ళ కిందట ఆ కుంటకు నాచు పట్టింది. ఏం చేద్దామా అని చూస్తుంటే, టీవీఎస్ బండి మీద గాలి నింపిన ప్లాస్టిక్ సంచుల్లో చేపపిల్లల్ని అమ్ముకునే అతను ఒకడు మా డొంకలో కనబడ్డాడు. ఇవి వదిలితే నాచంతా తినేస్తాయి, నీళ్ళు అద్దంలా తయారవుతాయి అన్నాడట. మా ఆయనకు ఎవరైనా నమ్మకంగా చెబితే చాలు. యాభై పిల్లల్ని తెచ్చి కుంటలో వదిలాడు. బంగారు రంగులో చిన్న చిన్న పొలుసులతో మెరుస్తూ ముచ్చటగానే ఉన్నాయి. బంగారుతీగలు అంటారని చెప్పి, ఆ పేరు తనే పెట్టినట్లు మురిసిపోయాడు.

అవి నాచు ముట్టలేదు. కుంట అడుగున బురద తవ్వడం మొదలుపెట్టాయి. మూతి దగ్గర రెండు మీసాలుంటాయి వాటికి. ఆ మూతి బురదలో పెట్టి పందుల్లాగా కెలుకుతాయి. మొదటి వానాకాలం అయ్యేసరికి గట్టు పక్క గడ్డిలో పిల్లలు పెట్టాయి. మా ఆయన ఆ రోజు ఇంట్లో ఆడపిల్ల పుట్టినంత సంబరపడ్డాడు. రెండో వానాకాలానికి ఆ పిల్లలు పిల్లలు పెట్టాయి. అప్పటినుంచీ మా కుంటలో నీళ్ళు ఏ రోజు చూసినా టీ రంగే. గుంటూరు చేపల మార్కెట్లో ఒకామెను అడిగితే, ఆ జాతి చెరువులో పడితే మిగతా చేపలకు గుడ్డు నిలవనివ్వదనీ, గట్టు కూడా తొలిచేస్తుందనీ చెప్పి, మా వైపు జాలిగా చూసింది.

అసలు పీకల మీదికొచ్చింది పోయిన జనవరిలో. మిరప రెండో కోత నడుస్తోంది. చెట్టునిండా కాయ. పైన పూత కూడా ఉంది, మూడో కోతకు. ఇలాంటప్పుడు చెట్టుకు నీళ్ళు తప్పితే పూత రాలిపోతుంది, ఉన్న కాయ రంగు పోయి తాలు అవుతుంది. మోటారు వేసిన అరగంటకే డ్రిప్పు ఫిల్టరు మూసుకుపోయేది. విప్పి చూస్తే జాలీ నిండా మెత్తటి బురద. కడిగి బిగిస్తే మళ్ళీ అరగంట. రోజంతా మా ఆయన ఫిల్టరు ముందు గొంతుక్కూర్చుని ఉండేవాడు. దూరపు సాళ్ళలో పైపు చిల్లులు ఒక్కొక్కటే మూసుకుపోయి, మధ్యాహ్నానికి ఆకు వేలాడేసేది.

దానికి తోడు కోతల ముఠా భయం ఒకటి. ఆ యేడు కోతకు మనుషులు దొరకడం లేదు. కనిగిరి అవతల నుంచి ఇరవై మంది ఆడవాళ్ళ ముఠా ఒకటి మా అదృష్టం కొద్దీ దొరికింది. చేను గట్టు మీదే పట్టాలతో గుడారాలు వేసుకుని మూడు వారాలుగా ఉన్నారు. వాళ్ళ మేస్త్రి నాకంటే పదేళ్ళు పెద్దది. సన్నటి మనిషి, గొంతు మాత్రం చేను ఈ చివర నుంచి ఆ చివరకు వినిపిస్తుంది. తెల్లవారుజామున ప్రార్థన చేసుకుని సాళ్ళలో దిగితే, ఆమె చెయ్యి ఆగితేనే మిగతా వాళ్ళ చెయ్యి ఆగుతుంది. పక్క చేను రైతు అప్పటికే రెండుసార్లు ఆమె దగ్గరికొచ్చి, తన చేలోకి రమ్మని అడిగి వెళ్ళాడు. ఆమె మా కోత అయ్యేదాకా కదలనని చెప్పిందట. ఆ ఒక్క మాట మీదే మా కాయంతా వేలాడుతోంది. ఆ ముఠా కదిలిపోతే నాలుగెకరాల పండుకాయ చెట్టు మీదే ఎండి రాలిపోతుంది. ఇది నాకు తెలుసు, మా ఆయనకు తెలుసు, ఆమెకూ బాగా తెలుసు.

కాలువ వంతు ఇంకో నాలుగు రోజుల్లో ఉందనగా నేను తేల్చి చెప్పేశాను. కొత్త నీళ్ళు వచ్చేలోపు కుంట ఖాళీ కావాలి, ఒక్క చేప మిగలకూడదు. రెండు మిగిలినా వచ్చే వానలకు మళ్ళీ మొదటికొస్తుంది. మా ఆయన ముందు గాలం వేసి పడతానన్నాడు. గోధుమపిండి ముద్దలు చేయించుకుని, గొడుగు ఒకటి పాతుకుని, ఒక పూటంతా గట్టు మీద మహారాజులా కూర్చున్నాడు. మూడు చేపలు పడ్డాయి. ముద్దలు మాత్రం గిన్నెడు అయిపోయాయి. ఈ లెక్కన ఇవి తగ్గేసరికి మన మనవళ్ళకు పెళ్ళిళ్ళవుతాయి అన్నాను. ముఖం మాడ్చుకుని గాలం చుట్టేశాడు.

సరే, తోడేద్దామనుకున్నాం. ఫిల్టరు తీసి పక్కన పెట్టి, మోటారు నీళ్ళను నేరుగా సాళ్ళలోకి వదిలాం. రెండు పగళ్ళు మోటారు ఆగలేదు. చేను మొత్తం తడిసింది, తలలు వేలాడేసిన చెట్లన్నీ నిలబడ్డాయి. కుంటలో నీళ్ళు తగ్గేకొద్దీ చేపల వీపులు కనబడసాగాయి. మొదట అక్కడొకటి ఇక్కడొకటి. మూడో రోజు మధ్యాహ్నానికి మోకాలి లోతు నీళ్ళు మిగిలాయి, ఆ నీళ్ళు మొత్తం కదులుతున్నాయి. నేను గట్టు మీద నిలబడి చూసి నోరు తెరిచేశాను. ఎన్ని వందలో. ఒకదాని మీద ఒకటి దొర్లుతున్నాయి. ఎండలో వాటి పక్కలు ధగధగమంటున్నాయి. ఇన్నాళ్ళూ టీ నీళ్ళ కింద మా కంటబడకుండా ఇంత సంసారం నడిపాయా అని కోపం ఒకపక్క, వాటిని చూస్తుంటే నోరూరడం ఒకపక్క. నాకు చేపల పులుసంటే ప్రాణం. అది దాచుకోను.

వల లేదు మాకు. నారుమడి మీద పురుగు పడకుండా కప్పే తెల్లటి నైలాను నెట్టు ఉంది కదా, అది గుర్తొచ్చింది. కొట్టంలో నుంచి పట్టుకొచ్చాను. దానికి రెండు చివరలా వెదురుకర్రలు కట్టాం. నేనూ మా ఆయనా చెరో కర్ర పట్టుకుని దిగాం. నాలుగడుగులు వెయ్యగానే నా కాలు బురదలో తొడ దాకా దిగబడింది. కర్ర వదిలేశాను. నెట్టులో ఉన్నవన్నీ వెనక్కెళ్ళిపోయాయి. మా ఆయన నా మీద అరుస్తున్నాడు, నేను ఆయన మీద అరుస్తున్నాను. అన్నం క్యారేజీలు విప్పుకుని గట్టు మీద కూర్చున్న ముఠా మొత్తం ఈ తమాషా చూస్తోంది. పొలమారిన వాళ్ళు కూడా ఉన్నారు నవ్వి నవ్వి.

మేస్త్రి చెయ్యి కడుక్కుని లేచింది. చీర కుచ్చిళ్ళు వెనక్కి దోపింది. "మీవల్ల కాదు గానీ, పక్కకు జరగండమ్మా," అంది.

ఆమె దిగితే వాళ్ళు ఆగుతారా. పది పన్నెండు మంది ఒకేసారి దిగారు. కోతకు వేసుకునే మగచొక్కాలు చీరల మీద అలాగే ఉన్నాయి. నెట్టును కుంట అడ్డం పొడుగునా సాగదీసి, వరసగా చెయ్యి చెయ్యి కలిపి నిలబడ్డారు. కింది అంచు బురదకు ఆనించి కాళ్ళతో తొక్కుతూ నడవమంది మేస్త్రి. మిగతా వాళ్ళు అటువైపు నుంచి నీళ్ళు కొడుతూ కేకలేస్తూ తరుముతున్నారు. నెట్టు దగ్గరయ్యేకొద్దీ లోపల నీళ్ళు ఉడికినట్లు లేస్తున్నాయి. ఉన్నట్టుండి ఒకటి ఎగిరింది. నెట్టు మీదుగా, మనిషి ఎత్తు. దాని వెనకే ఇంకొకటి. తర్వాత లెక్కే లేదు. ఒకటి ఎగిరొచ్చి మేస్త్రి రొమ్ముల మీద గుద్దింది. ఆమె వెల్లకిలా పడిపోయింది నీళ్ళలో. పడిపోతూ కూడా దాన్ని రెండు చేతులతో వాటేసుకుంది. బురద ముఖంతో లేచి, చేప మొప్పల్లో వేళ్ళు దోపి పైకెత్తి, "స్తోత్రం ప్రభువా," అంది. అందరూ విరగబడి నవ్వాం. నేను నవ్వలేక గట్టు పట్టుకున్నాను.

ఆ గంటన్నరలో నేను ఎవరినో నాకే తెలియలేదు. చీర బురద, జుట్టు బురద, నోట్లో బురద. నలభై ఎనిమిదేళ్ళ మనిషిని, ఇంటికి పెద్దకోడల్ని, వంగి బురదలో చేతులు పెట్టి తడుముతున్నాను. చేత్తో తడిమితే తెలుస్తుంది. బురద చల్లగా మెత్తగా ఉంటుంది, అందులో ఒకచోట గట్టిగా, బిగుసుకుని, వణుకుతూ తగులుతుంది. అప్పుడు తల వైపు ఏదో తోక వైపు ఏదో చూసుకోవాలి. తోక పట్టుకుంటే జారిపోతుంది. నాకు నాలుగు జారిపోయాయి. అయిదోదాన్ని మోకాళ్ళ కింద అదిమిపెట్టి పట్టాను. లేవలేకపోయాను దాన్నెత్తుకుని. నా మోచెయ్యి దాటి భుజం దాకా ఉంది దాని పొడవు. పొలుసు ఒక్కొక్కటి రూపాయి బిళ్ళంత. నేను ఒడ్డుకు మోసుకొస్తుంటే ఆడవాళ్ళు ఈలలేశారు. జీవితంలో నన్ను చూసి ఎవరూ ఈలెయ్యలేదు. గర్వంగా ఉంది, చెప్పొద్దూ.

అదే అన్నిటికన్నా పెద్దది. దాన్ని తడి గోనెసంచిలో చుట్టి వేపచెట్టు నీడలో విడిగా పెట్టుకున్నాను. మిగతావన్నీ కాయ ఎండబోసే పరదా పట్టా మీద కుప్ప పోశాం. మోకాళ్ళెత్తు కుప్ప. చివరికి కుంటలో ఎక్కడ చెయ్యి పెట్టినా ఏమీ తగలలేదు. రెండుసార్లు అడ్డంగా, రెండుసార్లు నిలువుగా నెట్టు లాగించింది మేస్త్రి. ఖాళీ నెట్టు చూపించి, అయిపోయినట్లు చేతులు దులిపింది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. చేను దక్కింది. వంతు నీళ్ళు ఇక తేటగా ఉంటాయి.

అప్పటికే గుడారాల దగ్గర హడావుడి మొదలైంది. పాపం మూడు వారాలుగా పప్పూ పచ్చడీ తప్ప ఎరగరు. ఒకామె చేలోనే ఎండిన కాయలు నాలుగు గుప్పిళ్ళు తెచ్చి బండ మీద నూరుతోంది. ఆ ఘాటుకు అందరం దగ్గుతున్నాం. ఇంకొకామె చింతపండు నానేసింది. ఈ చేపకు మట్టి వాసన ఉంటుందని ఒకరు, ఉప్పూ పసుపూ పట్టించి మజ్జిగలో ఊరేస్తే పోతుందని ఒకరు, ముల్లు ఎక్కువని ఒకరు, ముళ్ళకు భయపడేవాళ్ళు పప్పే తినండని ఇంకొకరు. నేనూ దూరాను అందులో. వెల్లుల్లి దంచి వేసి, పులుసు దించే ముందు మెంతిపొడి చల్లితే ఏ మట్టివాసనా ఉండదని నా వంతు సలహా ఇచ్చాను. నా గోనెసంచి చేపను ఎలా ముక్కలు కొట్టాలో, తలకాయ ఎవరికి వెయ్యాలో కూడా మనసులో అయిపోయింది. తలకాయ నాకే.

సంచి ఎత్తుకోబోతుంటే మా ఆయన వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. ముఖం పాలిపోయి ఉంది. గొంతు బాగా తగ్గించి అన్నాడు. "ఇంటికి వద్దు. మొన్న డ్రమ్ములు యాడ కడిగాం?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలో సంచి బరువెక్కింది.

మందు కొట్టిన ప్రతిసారీ స్ప్రేయరు డ్రమ్ములూ, మందు కలిపిన బకెట్లూ కుంట గట్టు మీదే కడుగుతాం. మేమే కాదు, మా చుట్టుపక్కల అందరూ అంతే. నీళ్ళున్న చోటే కడుగుతారు. ఆ నీళ్ళు కుంటలోకే జారతాయి. చివరిసారి కొట్టి అప్పటికి అయిదు రోజులయింది. కోత కాని రెండెకరాలకు నల్లతామర పురుగు పడిందని రెండు రకాల మందు కలిపి కొట్టాం. ఆ మందు డబ్బా మీద మహా విషమని చెప్పే ఎర్రటి గుర్తు ఉంటుంది. అది నేను మూడేళ్ళుగా చూస్తూనే ఉన్నాను. కుంట నీళ్ళు చెట్టుకు పోసేవే కదా, మనం తాగేవి కాదు కదా అన్న లెక్కలో ఉండిపోయాను. చేప ఆ నీళ్ళలోనే పుట్టి పెరిగిందన్న సంగతి పులుసు తలపుల్లో అసలు రాలేదు.

నేను గోనెసంచి విప్పి, ఆ పెద్ద చేపను పట్టా మీది కుప్పలో జారవిడిచాను. ఎవరూ చూడలేదనుకున్నాను.

ఇప్పుడు వీళ్ళకేం చెప్పాలి. మా ఆయన కళ్ళతోనే నన్ను ఆగమన్నాడు. ఆయన భయమేమిటో నాకు తెలుసు, నా భయమూ అదే. కుంటలో మందు ఉందని చెబితే, మూడు వారాలుగా ఆ నీళ్ళతోనే స్నానాలు చేసి గిన్నెలు తోముకున్న వాళ్ళు ఒక్క పూట ఉంటారా. పక్క చేను రైతు ఎప్పుడెప్పుడా అని కళ్ళల్లో వత్తులేసుకుని కూర్చున్నాడు. చెప్పకపోతే మాత్రం ఏమవుతుంది? చేపలు చచ్చిపోలేదుగా. చేపే బతికితే మనిషికేమవుతుంది. నీళ్ళలో కలిసి ఎంత పలచబడిపోయి ఉంటుందో. ఈ మాటలన్నీ నాకు నేనే చెప్పుకున్నాను, ఒకదాని వెంట ఒకటి, చాలా తొందరగా. చెప్పుకుంటూ మేస్త్రితో ఏదో అనాలి కదా అని, ఈ చేప వాతం చేస్తుందట, ఒంటికి పడదట, పారేద్దాం అన్నాను.

ఆమె కత్తిపీట ముందేసుకుని మొదటి చేపకు పొలుసు తీయబోతోంది. తల ఎత్తింది. నన్ను కాదు, ఖాళీ గోనెసంచిని చూసింది. తర్వాత కుప్ప మీద అన్నిటికన్నా పైన పడి ఉన్న ఆ పెద్ద చేపను చూసింది.

"మీ ఇంటికి ఎన్ని తీసుకెళ్తున్నారమ్మా?" అంది.

మామూలుగానే అడిగింది. కోపం లేదు ఆ గొంతులో. తింటాం, ఎందుకు తినం, రెండు తీసుకెళ్తున్నాం అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. ఆ మాట అని, రెండు చేపలు సంచిలో వేసుకుని, దారిలో డొంకలో పారేసి ఇంటికెళ్ళిపోతే సరిపోయేది. బండ మీద కారం నూరే ఆమె చెయ్యి ఆపి నా వైపే చూస్తోంది. అందరూ చూస్తున్నారు. ఒక్కటీ తీసుకెళ్ళడం లేదని చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. డ్రమ్ముల సంగతి, అయిదు రోజుల కిందటి మందు సంగతి, ఎర్రగుర్తు సంగతి, అంతా. మా ఆయన అటు తిరిగి నిలబడ్డాడు.

మేస్త్రి కత్తిపీట మడిచి పక్కన పెట్టింది. తర్వాత చూపుడువేలితో తన పై పెదవి ఎత్తి పళ్ళు చూపించింది. పసుపు చారలతో, గోధుమ మచ్చలతో, అంచులు పెళుసెక్కిపోయి ఉన్నాయి. వాళ్ళ వైపు ఫ్లోరైడు బోరునీళ్ళు తాగిన వాళ్ళందరి పళ్ళూ అంతేనని నాకు తెలుసు. అయినా అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

"మా ఊళ్ళో నీళ్ళు పాడని మాకు తెలుసమ్మా. తెలిసే తాగాం, ఇంకో దారి లేక. ఇక్కడ మీకు తెలుసు, మాకు తెలియదు. అంతే గదా తేడా."

ఆమె లేచి వెళ్ళి చింతపండు నానేసిన గిన్నె, నీళ్ళతో సహా గట్టు మీద ఒంపేసింది. ఆ నీళ్ళూ కుంటలోంచి ముంచినవేనని అప్పుడు వెలిగింది నాకు. నూరిన కారం బండ మీదే వదిలేసి వాళ్ళు గుడారాల్లోకి వెళ్ళిపోయారు. నేనూ మా ఆయనా పార తీసుకుని, చేను చివర గుంట తవ్వాం. పొద్దు వాలేదాకా తవ్వాం. బంగారుతీగలన్నిటినీ అందులో పోసి మట్టి కప్పాం. అంత సంబరపడి పట్టిన చేపల్ని అలా పాతిపెడుతుంటే నాకు ఏడుపొచ్చింది. చేపల కోసం కాదని మా ఆయనకు తెలుసు.

మర్నాడు తెల్లవారగానే చేలోకి వెళ్ళేసరికి పక్క చేను రైతు ట్రాక్టరు వాళ్ళ గుడారాల ముందు నిలబడి ఉంది. పట్టాలు కొన్ని అప్పటికే విప్పేశారు. మేస్త్రి ట్రాక్టరు మీదున్న అతనితో ఏదో మాట్లాడుతోంది. నన్ను చూసి ఆగి, నా దగ్గరికొచ్చింది. ఇక్కడున్నన్నాళ్ళూ తాగడానికీ, వండుకోవడానికీ, గిన్నెలకీ, ఒంటికీ, చేతులకీ నీళ్ళన్నీ ఊళ్ళో నుంచే రావాలంది. డ్రమ్ములు ఇక కుంట దగ్గర కడగకూడదంది. నేను అన్నిటికీ తల ఊపుతున్నాను. పక్క చేలో కూడా ఇలాంటి కుంటే, అక్కడా డ్రమ్ములు గట్టు మీదే కడుగుతారు కదా, అడిగితే అతను మాట మారుస్తున్నాడని కూడా ఆమే చెప్పింది. చివరికి అంది.

"నీళ్ళు దించగానే ముందు మీరు తాగాలి. మేం చూస్తా ఉండాలి."

నాకు ఒళ్ళు మండింది. నిజం చెప్పింది నేనే కదా. మా చేలో నిలబడి నాకే పరీక్ష పెడుతుందా అనిపించింది. ఆమె కళ్ళు దించలేదు. మొదటిసారి నిజం చెప్పలేదు కదా నువ్వు, వాతం అన్నావు కదా అని ఆ చూపు అంటున్నట్లు నాకు తోచింది. ఒప్పుకున్నాను. ట్రాక్టరు వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

మా ఆయన ఆటోలో రోజూ పొద్దున్నా మధ్యాహ్నం నీళ్ళ టిన్నులు వేసుకొచ్చేవాడు. దించగానే నేను ఒక గ్లాసు వంచుకుని, ఇరవై మంది చూస్తుండగా గుటక గుటకగా తాగేదాన్ని. మొదట్లో ఆ గ్లాసు ఖాళీ చేసేసరికి నా చెవులు వేడెక్కిపోయేవి. తర్వాత తర్వాత అలవాటైపోయింది. వంతు నీళ్ళొచ్చి కుంట నిండింది. అడుగు కనబడేంత తేటగా ఉన్నాయి నీళ్ళు, డ్రిప్పు ఒక్కరోజు ఆగలేదు. కాయ బాగా దిగింది. మేస్త్రి మళ్ళీ నాతో నవ్వుతూ మాట్లాడింది, నేను బురదలో దిగబడిపోయిన తీరు చేసి చూపించి అందరినీ నవ్వించింది కూడా. అంతా మామూలైపోయిందనుకున్నాను.

కోత ఆఖరి వారంలో ఒక మధ్యాహ్నం ఏదో తొందరలో టిన్నులు దించేసి, గ్లాసు సంగతి మర్చిపోయి కల్లం వైపు నడిచాను. కొంతదూరం వెళ్ళాక వెనక ఏ చప్పుడూ లేదనిపించి తిరిగి చూశాను. ఇరవై మందీ చెట్టు కింద వరసగా కూర్చుని ఉన్నారు. పొద్దుటినుంచీ కాయ కోసిన చేతులు మంటకు ఎర్రగా పొంగి ఉన్నాయి. కొందరు వాటిని ఊదుకుంటున్నారు. అన్నం క్యారేజీలు ముందున్నాయి, టిన్ను మూత ఎవరూ తియ్యలేదు. నన్ను పిలవలేదు, నా మీద కోపమూ లేదు, ఊరికే చూస్తున్నారు.

వెనక్కి వచ్చి గ్లాసు వంచుకుని తాగాను. అప్పుడు లేచారు చేతులు కడుక్కోవడానికి.